ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు రకాల రిపోర్టులు: హెపటైటిస్ బి రక్తపరీక్షలను ఎలా చదవాలి?

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. ఆరోగ్యంగానే ఉన్నారు, ఎప్పుడూ పచ్చకామెర్లు రాలేదు. ఈమధ్య రక్తదానం చేస్తే, తర్వాత ఫోన్ చేసి హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చిందని చెప్పారు. డాక్టరు మళ్లీ పరీక్షలు రాశారు. హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ అనీ, పక్కన 4120 అనీ వచ్చింది. యాంటీ హెచ్‌బీసీ టోటల్ రియాక్టివ్, అందులోనే ఐజీఎం నాన్ రియాక్టివ్. హెచ్‌బీఈఏజీ నాన్ రియాక్టివ్, యాంటీ హెచ్‌బీఈ రియాక్టివ్. హెచ్‌బీవీ డీఎన్‌ఏ 640. ఎస్‌జీపీటీ 27. ఇంత వచ్చినా మందులేమీ రాయలేదు, మూడు నెలల తర్వాత రమ్మన్నారు. నాకు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ రెండూ నాన్ రియాక్టివ్, యాంటీ హెచ్‌బీఎస్ మాత్రం 6.2. చిన్నప్పుడు మూడు డోసులు వేయించారని మా అమ్మ అంటోంది. మా అత్తగారికి యాంటీ హెచ్‌బీసీ టోటల్ ఒక్కటే రియాక్టివ్, మిగతావి ఏవీ లేవు. ఆవిడ భయపడి మా వారి కంచం, గ్లాసు వేరే అరలో పెట్టేశారు. మాకు ఐదేళ్ల పాప ఉంది, టీకాలన్నీ వేయించాం. ఆయనకు ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఆ 4120 చూసినప్పటి నుంచి నిద్ర లేదు. దయచేసి వివరంగా చెప్పండి. (పేరు రాయవద్దు.)

జవాబు: అమ్మా, ముందు మీకు అత్యవసరంగా కావలసిన మాట చెప్పేస్తాను. మీరు రాసిన అంకెలన్నీ కలిపి చూస్తే, ఇవాళ్టికి మీ వారి లివర్ ప్రశాంతంగానే ఉన్నట్టుంది. వైరస్ ఒంట్లో ఉంది, కానీ తక్కువగా ఉంది. మీ డాక్టరు అశ్రద్ధ చేయలేదు. మూడు నెలలకు రమ్మనడమే సరైన పద్ధతి, ఎందుకో కింద చెబుతాను. ఆయన్ను స్వయంగా పరీక్షించే డాక్టరు మాటే చివరి మాట అనుకోండి. నేను చేయగలిగింది ఆ కాగితాల్లో ఏముందో మీకు అర్థమయ్యేలా చెప్పడం.

మీ నిద్ర పోగొట్టిన 4120తోనే మొదలుపెడదాం. అది వైరస్‌ల లెక్క కాదు, జబ్బు తీవ్రత అంతకన్నా కాదు. హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేసే యంత్రం రక్తంలో ఆ పదార్థం దొరికితే ఒక రకమైన వెలుగు పుట్టించి, ఆ వెలుగును కొలుస్తుంది. ఎంత వెలుగు దాటితే 'ఉంది' అనాలో ముందే ఒక గీత గీసి పెట్టుకుంటారు. మీ వారి నమూనాలో వచ్చిన వెలుగును ఆ గీత విలువతో భాగిస్తే వచ్చిన అంకె అది. ఒకటి దాటితే రియాక్టివ్, దాటకపోతే నాన్ రియాక్టివ్, ఆ పరీక్ష చెప్పేది అంతే. ఇంకో కంపెనీ యంత్రం మీద ఇదే రక్తం పెడితే పూర్తిగా వేరే అంకె రావచ్చు. వచ్చేసారి 4120 కాస్తా 5000 అయినా కంగారు పడకండి, 3000 అయినా సంబరపడకండి. ఈ అంకె పనికొచ్చేది ఒక్క సందర్భంలో. ఒకటికి కొంచెం పైన, రెండో మూడో వచ్చిందనుకోండి, అది పొరపాటు పాజిటివ్ కావచ్చు కాబట్టి మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి. మీ వారి విషయంలో ఆ అనుమానానికి తావు లేదు, మిగతా పరీక్షలు కూడా అదే చెబుతున్నాయి.

మరి వైరస్ 640 మాత్రమే ఉంటే ఆ పదార్థం అంత ఎక్కువగా ఎలా ఉంది అని మీకు సందేహం రావచ్చు. హెచ్‌బీఎస్‌ఏజీ అంటే వైరస్ పైతొడుగులో ఉండే ప్రోటీన్. వైరస్ చేరిన లివర్ కణాలు అసలు వైరస్‌లతో పాటు, లోపల ఏమీ లేని ఖాళీ తొడుగులను కుప్పలు తెప్పలుగా తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. వైరస్ పెరుగుదల బాగా తగ్గిపోయినవారిలో కూడా ఈ ఖాళీ తొడుగులు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. వాటంతట అవి ఇంకొకరికి జబ్బు అంటించలేవు. అందుకే హెచ్‌బీఎస్‌ఏజీ 'వైరస్ ఒంట్లో ఉందా లేదా' అనే ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది. ఎంత ఉంది, ఏం చేస్తోంది అనేవి వేరే పరీక్షల పని.

ఈ రిపోర్టు చదివేటప్పుడు చాలామంది తడబడేది ఇంకో చోట ఉంది. ల్యాబులు రియాక్టివ్ అనే మాటను ఎక్కడ వచ్చినా ఒకేలా లావు అక్షరాల్లో అచ్చు వేస్తాయి. చూసేవారికి అన్నీ చెడ్డ వార్తల్లాగే కనిపిస్తాయి. పేరు ముందు 'యాంటీ' ఉందో లేదో చూడండి. హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌బీఈఏజీ, డీఎన్‌ఏ - ఈ మూడూ వైరస్‌వి. 'యాంటీ' అని మొదలయ్యేవన్నీ మన ఒళ్లు తయారుచేసుకున్నవి, అంటే యాంటీబాడీలు. వాటిలో యాంటీ హెచ్‌బీఎస్ రక్షణనిచ్చేది, అది రియాక్టివ్ అయితే సంతోషించాలి. యాంటీ హెచ్‌బీఈ రియాక్టివ్ అంటే చాలావరకు వైరస్ జోరు తగ్గిన దశకు గుర్తు. యాంటీ హెచ్‌బీసీ మాత్రం మంచీ కాదు చెడూ కాదు. ఎప్పుడో ఒకప్పుడు అసలు వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే చెబుతుంది, తగ్గిన పుండుకు మిగిలిన మచ్చలాంటిది. టీకాలో ఉండేది పైతొడుగు ప్రోటీన్ ఒక్కటే కాబట్టి టీకా వల్ల యాంటీ హెచ్‌బీసీ రాదు. టీకాతో రక్షణ వచ్చినవారినీ, జబ్బు వచ్చి తగ్గినవారినీ వేరుచేసి చెప్పేది ఇదే. ఇద్దరికీ యాంటీ హెచ్‌బీఎస్ ఉంటుంది. యాంటీ హెచ్‌బీసీ మాత్రం జబ్బు వచ్చి తగ్గినవారికే ఉంటుంది.

ఇప్పుడు మీరు నోరు తెరిచి అడగలేకపోయిన ప్రశ్న దగ్గరికి వద్దాం. దీని గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క అనుమానం వల్ల కాపురాలు చెదిరిపోవడం ఉంది.

యాంటీ హెచ్‌బీసీ రెండు రకాలుగా చూస్తారు. వైరస్ కొత్తగా వచ్చినప్పుడు ముందు ఐజీఎం రకం పుడుతుంది. సుమారు ఆరు నెలల పాటు ఉండి తగ్గిపోతుంది. తర్వాత మిగిలేది ఐజీజీ, అది చాలామందిలో జీవితాంతం ఉంటుంది. టోటల్ అనే పరీక్షలో ఈ రెండూ కలిసి వస్తాయి. మీ వారికి టోటల్ రియాక్టివ్, ఐజీఎం నాన్ రియాక్టివ్. అంటే ఇది నిన్నమొన్న వచ్చింది కాదు. ఆరు నెలల కన్నా పాతదన్నది దాదాపు ఖాయం. ఎంత పాతది అని మాత్రం ఏ రక్తపరీక్షా చెప్పలేదు. తేదీ వేసి చెప్పే పరీక్ష లేదు.

కానీ ఈ జబ్బు నడిచే తీరు నుంచి కొంత ఊహించవచ్చు. వైరస్ ఎప్పుడు ఒంట్లోకి వచ్చిందన్న దాన్ని బట్టి అది ఉండిపోతుందా, పోతుందా అనేది చాలావరకు తేలుతుంది. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే, టీకా వేయని పిల్లల్లో నూటికి 90 మందిలో ఉండిపోతుంది. ఒకటి నుంచి ఐదేళ్ల మధ్య సోకితే నూటికి 25 నుంచి 50 మందిలో. పెద్దయ్యాక సోకితే ఐదుగురిలో కూడా ఉండదు, మిగతావారి ఒళ్లు దాన్ని సొంతంగానే వదిలించుకుంటుంది. పసివాళ్ల రోగనిరోధక వ్యవస్థ వైరస్‌ను శత్రువుగా గుర్తుపట్టక ఊరుకుంటుంది, పెద్దవాళ్లది గట్టిగా పోరాడుతుంది. కామెర్లు వచ్చేది ఆ పోరాటం వల్లే. మీ వారికి ఎప్పుడూ కామెర్లు రాలేదన్నారు, వైరస్ పాతదై ఒంట్లో ఉండిపోయింది, పైగా ఈ-యాంటిజెన్ (అంటే హెచ్‌బీఈఏజీ, వైరస్ జోరుగా పెరిగేటప్పుడు రక్తంలో కనిపించే దాని ప్రోటీన్) పోయి దానికి యాంటీబాడీ వచ్చేసింది. చిన్నప్పుడు సోకినవారిలో ఆ చివరి మార్పు జరగడానికి సాధారణంగా చాలా ఏళ్లు పడుతుంది. ఇవన్నీ చిన్నతనంలో సోకిన కథతోనే ఎక్కువగా కలుస్తున్నాయి. పెద్దయ్యాక సోకే అవకాశం అసలు లేదని నేను చెప్పను. పెద్దవాళ్లకైనా స్టెరిలైజ్ చేయని సూది, పచ్చబొట్టు, ఒకరి రేజర్ ఇంకొకరు వాడడం, ఇలా ఎన్నో దారులున్నాయి. ఈ కాగితాలు చూపించి ఆయన నడవడిక మీద అనుమానపడడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. ఈ మాట నేను పూర్తి బాధ్యతతో రాస్తున్నాను.

అలా అని ఆ నింద తీసుకెళ్లి మీ అత్తగారి మీద పెట్టకండి. ఆవిడకు యాంటీ హెచ్‌బీసీ ఉందంటే ఎప్పుడో వైరస్ తాకి ఉండవచ్చు, ఆవిడ నుంచి బిడ్డకు వచ్చి ఉండవచ్చు కూడా. కానీ ఆ కాలాన్ని గుర్తుపెట్టుకోండి. ఈ వైరస్ తొడుగు ప్రోటీన్‌ను బరూచ్ బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త 1960ల్లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో మొదట గుర్తించారు. టీకా వచ్చింది 1980ల్లో. దాన్ని పిల్లల టీకాల్లో చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సభ దేశాలకు చెప్పింది 1992లో. మీ వారు పుట్టేనాటికి చాలాచోట్ల గర్భిణికి ఈ పరీక్షా లేదు, బిడ్డకు ఈ టీకా లేదు. ఆవిడ చేయగలిగింది ఏమీ లేదు. ఒక చిన్న పని చేయండి. మీ వారి పాత ఆపరేషన్ కాగితాలో, ఉద్యోగంలో చేరినప్పటి మెడికల్ కాగితాలో ఉంటే వెతకండి. వాటిలో 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అని రాసి ఉంటే అది హెచ్‌బీఎస్‌ఏజీకే పాత పేరు. అప్పుడు పాజిటివ్ అని ఉంటే పాత సంగతే అని తేలిపోతుంది, నెగటివ్ అని ఉన్నా డాక్టరుకు చాలా పనికొచ్చే సమాచారం.

ఇక మందులు ఎందుకు రాయలేదన్న సంగతి. హెపటైటిస్ బి ఉన్న ప్రతివారికీ వెంటనే మందు అక్కర్లేదు. వైరస్ పెరుగుతూ లివర్‌ను దెబ్బతీస్తుంటే మందు కావాలి. ఆ రెండూ తెలియాలంటే డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ పక్కపక్కన పెట్టి చూడాలి. డీఎన్‌ఏ అంటే మిల్లీలీటరు రక్తంలో అసలు వైరస్ ఎంత ఉందో ఇంటర్నేషనల్ యూనిట్లలో చెప్పే లెక్క. కొందరిలో ఇది కోట్లలో ఉంటుంది. డాక్టర్లు ఎక్కువగా చూసుకునే గీత 2,000. మీ వారిది 640, దానికి బాగా కిందే. ఎస్‌జీపీటీ లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఎంజైమ్. ల్యాబు కాగితం మీద 40, 45 వరకూ నార్మల్ అని అచ్చు వేసి ఉంటుంది కానీ, హెపటైటిస్ బి విషయంలో మార్గదర్శకాలు అంతకన్నా కఠినంగా చూస్తాయి. మగవారికి 30, 35 వరకు, ఆడవారికి 19, 25 వరకు మాత్రమే నార్మల్ అంటాయి. ఆ లెక్కన చూసినా 27 లోపలే ఉంది. ఈ-యాంటిజెన్ లేదు, డీఎన్‌ఏ తక్కువ, ఎస్‌జీపీటీ నార్మల్. ఈ మూడూ ఇలాగే కొనసాగితే దాన్ని నిశ్శబ్ద దశ అనుకోవచ్చు, పాత పుస్తకాల్లో ఇనాక్టివ్ క్యారియర్ అనేవారు.

కొనసాగితే అన్నాను, గమనించండి. ఒక్క రోజు రక్తంతో ఈ మాట చెప్పేయడం తప్పు. ఈ-యాంటిజెన్ తయారుచేయడం మానేసినా లోపల బాగానే పెరిగే వైరస్ రకం ఉంది, దాని జన్యువులో చిన్న మార్పు వల్ల అలా అవుతుంది. అలాంటివారిలో డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ కొన్నాళ్లు కింద ఉండి, కొన్నాళ్లు పైకి లేస్తుంటాయి. కింద ఉన్నప్పుడు పరీక్ష చేస్తే అచ్చం మీ వారి రిపోర్టులాగే ఉంటుంది. అందుకే మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి చూసి, అన్నిసార్లూ నిలకడగా ఉంటేనే తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూడడానికి మారతారు. హెచ్‌బీఎస్‌ఏజీ కూడా ఆరు నెలలు దాటి ఉంటేనే దీర్ఘకాలిక హెపటైటిస్ బి అని నిర్ధారణ చేస్తారు. మీ డాక్టరు మూడు నెలలకు రమ్మన్నది అందుకే. మందు రాయలేదు కదా, ఇక ఏమీ లేదులే అని మీ వారు ఆ తేదీ దాటేయకుండా చూడండి. ఈ జబ్బులో నాకు భయం కలిగించేది 4120 లాంటి అంకెలు కాదు, 'బాగానే ఉన్నాను' అనుకుని పదేళ్లు డాక్టరు ముఖం చూడకపోవడం.

డీఎన్‌ఏ అంకె వచ్చేసారి 640 బదులు 900 వచ్చిందని టెన్షన్ పడకండి. ఈ పరీక్షలో రెండింతల తేడా పెద్ద తేడా కాదు. డాక్టర్లు పదింతల లెక్కన చూస్తారు. రిపోర్టులో 'లాగ్' అని చిన్న అంకె ఉంటుంది చూడండి, అది ఒకటి పెరిగితే వైరస్ పదింతలు పెరిగినట్టు. 640 కాస్తా 6,400 అయితే పట్టించుకోవాల్సిన మార్పు.

మీ ఉత్తరంలో కనిపించనివి కొన్ని ఉన్నాయి, చేయించారో లేదో అడగండి. ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్‌జీఓటీ (ఎస్‌జీపీటీ లాంటిదే ఇంకో ఎంజైమ్), పొట్ట అల్ట్రాసౌండ్, వీలైతే ఫైబ్రోస్కాన్. ఎందుకంటే ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నా లోపల పాత గాయాల వల్ల లివర్ గట్టిపడి ఉండవచ్చు, ఆ సంగతి ఎస్‌జీపీటీ చెప్పదు. ఫైబ్రోస్కాన్‌కు సూది అక్కర్లేదు, పక్కటెముకల మీద ఒక పరికరం పెట్టి లివర్ ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. లివర్ గట్టిపడి ఉంటే డీఎన్‌ఏ తక్కువున్నా మందు మొదలుపెట్టాల్సి రావచ్చు. హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ పరీక్షలు రక్తదానం దగ్గరే చేసి ఉంటారు. హెపటైటిస్ డి అనే ఇంకో వైరస్ ఉంది, హెపటైటిస్ బి ఉన్నవారిలో మాత్రమే బతకగలదు, దానికి ఒకసారి యాంటీ హెచ్‌డీవీ పరీక్ష చేయించడం మంచిది. వంశంలో ఎవరికైనా లివర్ క్యాన్సర్, సిరోసిస్ (లివర్ బాగా మచ్చలు కట్టి గట్టిపడిపోవడం) వచ్చి ఉంటే డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి, ఆ ఒక్క మాటతో నిర్ణయం మారవచ్చు. ఈ వైరస్ వల్ల సిరోసిస్ రాకుండానే నేరుగా లివర్ క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంది. ఆసియా సంతతి మగవారికి 40 ఏళ్లు దాటితే ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించమంటారు. మీ వారు ఆ వయసుకు దగ్గర్లోనే ఉన్నారు, ఈసారి వెళ్లినప్పుడు ఆ మాట ఎత్తండి.

ఒకవేళ మున్ముందు మందు అవసరమైతే అదేదో ప్రళయం అనుకోవద్దు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మాత్రలు రోజుకొకటి వేసుకుంటే చాలు, వైరస్ పెరుగుదలను బాగా అణిచేస్తాయి. పూర్తిగా తుడిచేయవు, ఎందుకంటే వైరస్ తన జన్యు పదార్థాన్ని లివర్ కణం కేంద్రకంలోనే దాచి ఉంచుతుంది, మాత్రలు అక్కడిదాకా పనిచేయవు. కాబట్టి ఏళ్ల తరబడి వాడాలి. డాక్టరును అడక్కుండా సొంతంగా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా లివర్ మీద విరుచుకుపడే ప్రమాదం ఉంది. ఇప్పటికి ఆ అవసరం లేదు. మద్యం అలవాటుంటే మాత్రం ఇవాళే మానేయమనండి. లివర్ శుద్ధి అంటూ ఎవరో ఇచ్చే మూలికల మందుల జోలికి వెళ్లొద్దు, వాటిలో కొన్ని బాగున్న లివర్‌ను కూడా పాడుచేస్తాయి.

మీ 6.2 సంగతి. యాంటీ హెచ్‌బీఎస్ 10 మిల్లీ యూనిట్లు, అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క. చిన్నప్పుడు టీకా వేయించుకున్నవారిలో ఇరవై ముప్పై ఏళ్లకు ఆ అంకె 10 కిందికి జారడం మామూలే. చాలామందిలో ఒంటికి ఆ జ్ఞాపకం మిగిలే ఉంటుంది, వైరస్ తగిలితే మళ్లీ యాంటీబాడీలు లేస్తాయి. మామూలు వ్యక్తి అయితే నేను ఇంత పట్టించుకోను. కానీ మీరు హెచ్‌బీఎస్‌ఏజీ ఉన్నవారి భార్య. ఆ మూడు డోసులు మీకు పట్టాయని చెప్పే పాత రిపోర్టు కూడా ఉన్నట్టు లేదు. కాబట్టి ఒక బూస్టర్ డోసు వేయించుకుని, నెల నుంచి రెండు నెలల మధ్య యాంటీ హెచ్‌బీఎస్ మళ్లీ చూపించుకోండి. 10 దాటితే ఇక మీకు భయం లేదు. దాటకపోతే మిగతా రెండు డోసులు కూడా పూర్తిచేసి మళ్లీ చూడాలి. రక్షణ ఉందని తేలేదాకా కండోమ్ వాడండి. ఇంకో జాగ్రత్త: టీకా వేయించుకున్న తర్వాత కొద్దిరోజుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించకండి. టీకాలో ఉన్నది ఆ ప్రోటీనే కాబట్టి రెండు మూడు వారాల దాకా పొరపాటున పాజిటివ్ రావచ్చు. మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితుల్లో అలాంటి కాగితం చేతికొస్తే తట్టుకోవడం కష్టం. జుట్టుకోసం బయోటిన్ ఎక్కువ మోతాదు మాత్రలు వాడుతుంటే ఆ మాట కూడా ల్యాబులో చెప్పండి, కొన్ని యంత్రాల్లో అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

మీ అత్తగారి రిపోర్టుకు ఒక్క అర్థం లేదు. ఎప్పుడో వైరస్ వచ్చి పోయి, కాలక్రమంలో యాంటీ హెచ్‌బీఎస్ కూడా కొలతకు అందనంత తగ్గిపోయి, యాంటీ హెచ్‌బీసీ ఒక్కటే మిగిలి ఉండవచ్చు. కొడుకుకు ఈ జబ్బు ఉంది కాబట్టి ఆవిడ విషయంలో ఇదే ఎక్కువ సంభవం. కొందరిలో అది పొరపాటు పాజిటివ్. చాలా కొద్దిమందిలో హెచ్‌బీఎస్‌ఏజీ కనిపించనంత తక్కువగా వైరస్ లివర్‌లో దాగి ఉంటుంది. పరీక్ష ఇంకోసారి చేసి, ఎస్‌జీపీటీ, ఒకసారి డీఎన్‌ఏ చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఆవిడ రోజువారీ జీవితంలో మార్చుకోవలసింది ఏమీ లేదు. కానీ ఒక్క సంగతి ఆవిడ మెడికల్ ఫైలు మొదటి పేజీ మీదే రాసి పెట్టండి: 'యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్' అని. రేపెప్పుడైనా క్యాన్సర్‌కు కీమోథెరపీ, రిటుక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్, కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వస్తే, నిద్రపోతున్న వైరస్ మళ్లీ లేచి ప్రాణం మీదికి తేవచ్చు. ముందే తెలిస్తే వైరస్‌ను అణిచే మాత్ర ఇచ్చి దాన్ని ఆపవచ్చు. తెలియకపోవడం వల్లే ప్రమాదం. ఇదే జాగ్రత్త మీ వారికీ ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

ఆ కంచం, గ్లాసు వెంటనే పాత అరలోకి తెచ్చేయండి. కలిసి తినడం, ఒకే గ్లాసులో తాగడం, కౌగిలించుకోవడం, దగ్గు, తుమ్ము వల్ల ఈ వైరస్ రాదు. పాపను ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు, తన చేత్తో తినిపించవచ్చు. వేరు చేయాల్సినవి రేజరు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర, రక్తం తగలడానికి వీలున్న వస్తువులు. ఈ వైరస్ ఒంటి బయట ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది, కాబట్టి ఆయనకు ఎక్కడైనా తెగితే గాయం మీద కట్టు కట్టి, నేల మీద పడిన రక్తాన్ని బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తుడవండి. ఇకముందు ఆయన రక్తదానం చేయకూడదు. వేరే కంచం పెడితే వైరస్‌కు నష్టమేమీ లేదు, ఆ మనిషి మనసుకే గాయం.

పాప విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. మీకు వైరస్ లేదు, అంటే పుట్టేటప్పుడు మీ నుంచి సోకే ప్రశ్నే లేదు. టీకాలన్నీ వేయించారు. అయినా ఇంట్లో తండ్రికి ఉంది కాబట్టి హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ, యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కసారి చేయించండి. మొదటి రెండూ లేకుండా మూడోది 10 దాటి ఉంటే మళ్లీ మళ్లీ సూది గుచ్చాల్సిన పని లేదు. ఒకవేళ 10 కన్నా తక్కువ వస్తే మీకు చెప్పినట్టే ఒక డోసు వేయించి మళ్లీ చూస్తారు.

మీ వారికి తోబుట్టువులు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే వాళ్లకు చెప్పడం తప్పదు. ఒకే తల్లికి పుట్టి, ఒకే ఇంట్లో పెరిగినవారు కాబట్టి వాళ్లకూ ఉండే అవకాశం అందరికన్నా ఎక్కువ, పైగా మీ వారిలాగే ఏ లక్షణమూ లేకుండా ఉండవచ్చు. వాళ్లకూ పైన చెప్పిన మూడు పరీక్షలే. 'నాకు ఇలా వచ్చింది, నువ్వూ ఒకసారి చూపించుకో' అని మీ వారే ఫోన్ చేసి చెబితే బాగుంటుంది. మీరో మీ అత్తగారో చెబితే ఎవరి వల్ల వచ్చిందన్న చర్చ మొదలవుతుంది. మూడూ నాన్ రియాక్టివ్ వచ్చినవారు టీకా మూడు డోసులూ మొదలుపెట్టాలి. హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ వచ్చినవారు మీ వారిలాగే డీఎన్‌ఏ, ఎస్‌జీపీటీ చేయించుకుని లివర్ డాక్టరును కలవాలి, వాళ్ల జీవిత భాగస్వామికీ పిల్లలకూ అప్పుడు పరీక్షలు అవసరమవుతాయి.